దుప్పటి మడత

అమ్మ బ్యాగు సర్దుతోంది. రెండు బనియన్లు, నీలం నిక్కరు, చేతులకు చుట్టుకునే పట్టీలు, తువ్వాలు, సబ్బు, దువ్వెన. అన్నీ పెట్టాక దువ్వెన తీసి బల్ల మీద ఉంచింది. మళ్ళీ బ్యాగులో పెట్టింది. మళ్ళీ తీసింది.

"అమ్మా, పాపం దువ్వెనకి కళ్ళు తిరుగుతున్నాయే," అన్నాడు కొడుకు, గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

"నువ్వు నోరు మూసుకో."

"ఆరు వారాలు మూసుకునే ఉన్నాగా."

ఇంట్లోంచి ఎవరు ఊరికి వెళ్ళినా అమ్మ వాళ్ళ వస్తువు ఒకటి వెనక్కి తీసి దాచేస్తుంది. దాని కోసమైనా తిరిగి వస్తారని. ఎప్పుడో ఒకసారి ఏదీ వెనక్కి తీయకుండా ఒక బ్యాగు సర్దింది. ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడదు.

ఐదు నెలల కిందట కొడుకు బాక్సింగ్ పోటీకి వెళ్తుంటే ఒక చిన్న డబ్బా తీసి బియ్యం డబ్బా వెనక దాచింది. సబ్బు డబ్బా అనుకుంది. అందులో ఉన్నది వాడు పళ్ళకు తొడుక్కునే గార్డు. అక్కడ ఎవరిదో అరువు తెచ్చుకుని బరిలోకి దిగాడు. అది వాడి నోటికి సరిపోలేదు. రెండో రౌండులో ఎదుటి పొడుగువాడు కింది నుంచి ఒక్కటిచ్చాడు. దవడ విరిగింది.

డాక్టరు పళ్ళను తీగలతో కట్టేసి, "ఇంకోసారి విరిగితే ఇక ఆట గురించి మర్చిపోవాలి," అన్నాడు.

వాడిని క్లబ్బులో అందరూ రోడ్డురోలర్ అనేవారు. ఎంత దెబ్బ తగిలినా ముందుకే పోయేవాడు. మాస్టారు నేర్పింది అదే. క్లబ్బు గోడ మీద ఎర్ర రంగుతో ఆయనే స్వయంగా రాశారు: 'వెనకడుగు వద్దు'.

పాలూ సూపూ గొట్టంతో తాగుతూ, ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నవాణ్ణి అమ్మ చూడలేకపోయింది. "చేతులు బాగానే ఉన్నాయిగా, రా," అని తను పనిచేసే ఆసుపత్రి లాండ్రీకి తీసుకుపోయింది. అక్కడ ఇస్త్రీ యంత్రం దగ్గరుండే ఆవిడని అందరూ ఇస్త్రీ అక్క అంటారు. "మీ అబ్బాయి భలే బుద్ధిమంతుడమ్మా, ఎదురు మాట్లాడడు," అని మొదటి రోజే పళ్ళన్నీ కనపడేలా నవ్వింది.

మూడో రోజు దుప్పటి మడుస్తూ అమ్మ తల ఎత్తకుండానే అంది. "ఆ డబ్బా దాచింది నేనే రా."

వాడు దుప్పటి వదిలేసి, వార్డుల లెక్క రాసుకునే పలక తీసుకున్నాడు. సుద్దముక్కతో రాసి చూపించాడు. 'గార్డున్నా పడేవాణ్ణి. వాడు చెయ్యి చాచాడు. నేనే వెళ్ళి గుద్దుకున్నాను.'

అమ్మ పలక తుడిచి, కళ్ళూ తుడుచుకుంది. "అవునులే. దుప్పటి మడతలోనూ నీది అదే వరస. మీద పడిపోతావు, బట్ట నేలంతా ఊడుస్తుంది. బిగువుగా పట్టుకుని దూరంగా ఉండరా. వచ్చే పని ఉన్నప్పుడే రావాలి, మూల అందించగానే తప్పుకోవాలి."

ఆమె వీపు వెనక ఆవిరి గొట్టం ఉంది. తిన్నగా వెనక్కి జరిగితే కాలుతుంది. అందుకే ఇరవై రెండేళ్ళుగా ఆమె అడుగు వెనక్కి ఒకటి, పక్కకి ఒకటి. అదొక సంగతని ఆమెకే తెలియదు. కొడుకు మాత్రం ఆ రోజంతా ఆమె పాదాలే చూశాడు. మర్నాటి నుంచి వాడూ అలాగే వేశాడు. వెనక్కి ఒకటి, పక్కకి ఒకటి. రోజుకు మూడు వందల దుప్పట్లు.

తీగలు విప్పిన వారానికి మాస్టారు లాండ్రీకే వచ్చారు, ముఖం కందగడ్డలా చేసుకుని.

"వెనక్కి నడవడం ప్రాక్టీసు చేస్తున్నావట! పరువు తీస్తావా నాది? నువ్వు రోడ్డురోలర్‌వి రా!"

"రోడ్డురోలర్‌కి కూడా రివర్స్ గేరు ఉంటుంది మాస్టారూ."

ఇస్త్రీ అక్క పక్కున నవ్వింది. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ ఒక దుప్పటి అంచు ఆయన చేతిలో పెట్టింది. "కోప్పడకండి. నా మీదికి రండి, మీరు నేర్పినట్టే."

ఆయన గబగబా వచ్చారు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన ఇంకా వేగంగా వచ్చారు. ఆమె పక్కకి తప్పుకుని మూల ఆయన చేతిలో పెట్టేసింది. మాస్టారు దుప్పటి చుట్టుకుని, వెళ్ళి ఉతకాల్సిన బట్టల గుట్టలో పడ్డారు.

దిండు గలీబుల మధ్య నుంచి తల బయటపెట్టి అడిగారు. "ఇంకోసారి చెయ్యమ్మా. ఈసారి కాళ్ళు చూస్తాను."

ఆ సాయంత్రమే ఆయన స్టూలెక్కి గోడ మీది 'వద్దు' అన్న మాటకు సున్నం కొట్టారు.

ఇప్పుడు మళ్ళీ అదే పొడుగువాడితో పోటీ. బయట ఆటోలో మాస్టారు హారన్ కొట్టిస్తున్నారు. అమ్మ దువ్వెన వంక చూసింది. గార్డు డబ్బా తెరిచి చూసి, మూత పెట్టి బ్యాగులో అన్నిటికంటే పైన ఉంచింది. దాని పక్కనే దువ్వెన. జిప్పు చివరిదాకా లాగేసింది.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం లాండ్రీలో యంత్రాలన్నీ ఆపేశారు. ఇస్త్రీ అక్క ఫోనులో పోటీ పెట్టి, దాన్ని సబ్బు పెట్టెకు ఆనించింది. మొదటి రౌండంతా కొడుకు వెనక్కే జరిగాడు. జనం ఈలలు వేశారు. "పారిపోతున్నాడు!" అని ఎవరో అరవడం ఫోనులోంచి వినపడింది.

"పారిపోవడం కాదు నీ మొహం, మడత వేస్తున్నాడు!" అని ఇస్త్రీ అక్క ఫోనుతో పోట్లాడింది.

రెండో రౌండులో పొడుగువాడి గుద్దులు గాలికి తగిలాయి. మూడో రౌండుకు వాడి భుజాలు వాలిపోయాయి. విసుగెత్తి మీదికి ఉరికాడు. అమ్మ తనకు తెలియకుండానే లేచి నిలబడింది. "వెనక్కి ఒకటి," అంది. కొడుకు వేశాడు. "పక్కకి ఒకటి." వేశాడు. పొడుగువాడు ఖాళీలోకి తూలాడు. వాడి పక్కటెముకల కింద కొడుకు ఎడమ చెయ్యి దిగింది, ఆ వెంటనే గడ్డం మీద కుడి చెయ్యి. పొడుగువాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెఫరీ ఒకటీ రెండూ అని లెక్కపెడుతుంటే లాండ్రీ అంతా గొంతు కలిపింది. పది అనగానే ఉతికిన దుప్పట్లు పైకి లేచాయి. వాటన్నిటినీ మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. ఎడమ కన్ను కింద కాస్త వాపు, మెడలో పతకం. దవడ చెక్కుచెదరలేదు. అమ్మ ముందు ఆ దవడ తడిమింది, తర్వాత బ్యాగు విప్పింది. అన్నీ ఉన్నాయి. దువ్వెన కూడా.

"తల దువ్వుకున్నావా అసలు?"

"దాన్ని భద్రంగా వెనక్కి తెస్తే చాలనుకున్నా."

అమ్మ వాడి నెత్తిన మొట్టికాయ వేసింది. తర్వాత తనే దువ్వింది.

ఏదీ వెనక్కి తీయకుండా ఆమె బ్యాగు సర్దింది జీవితంలో రెండుసార్లే. రెండోసారి కొడుకు తిరిగి వచ్చాడు. మొదటిసారి సర్దింది వాడి నాన్నకి. ఆయన పని వెతుక్కుంటూ, కొడుక్కి ఆరేళ్ళప్పుడు, ఆగస్టు పదకొండున, బుధవారం ఉదయం వెళ్ళాడు. తిరిగి రాలేదు.