ఒడిబియ్యం చీర

కుచ్చిళ్లు నడుముకు దోపి, కొంగు ఎడమ భుజమ్మీద పరిచి, ఊర్మిల కొంచెం పక్కకి తిరిగి నిలబడింది. చీరల షాపు పరుపు మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగు లాగి చూసి బాగాలేదన్నారు. విప్పింది. ఇంకోటి కట్టింది. అది పెళ్లికూతురికి నచ్చింది, మేనత్తకి నచ్చలేదు. అదీ విప్పింది. వేసుకున్న పంజాబీ డ్రెస్సు మీదే పొద్దుటి నుంచీ ఇదే పని. జగిత్యాలలో ఈ ఏడు అమ్ముడుపోయిన పెళ్లిచీరల్లో సగం ముందు ఊర్మిల ఒంటి మీద పడ్డవేనంటే నమ్మాలి. ఒక్కటీ తనది కాదని మొదటి వారంలో బాధ ఉండేది. తర్వాత కాళ్లతో పాటు అదీ తిమ్మిరెక్కింది.

ఆమె చదువు కోరుట్ల కాలేజీలో, ఫ్యాషన్ మర్చండైజింగ్. సిరిసిల్లలో వాడకట్టువాళ్లు పేరు విని, టైలరింగే గదా అన్నారు. కాదని ఊర్మిల ఓపిగ్గా చెప్పింది. ఏ బట్ట ఎవరికి కావాలో వాళ్లకంటే ముందే కనిపెట్టాలి, ఎక్కడ వేలాడదీస్తే చెయ్యి దాని మీద పడుతుందో తెలియాలి అంది. అంతా విని వాళ్లు, అంటే బట్టల దుకాణంలో పని అన్నారు. తీరా ఆఖరి సెమిస్టర్‌కి ఈ షాపులో ట్రైనింగ్ వేసేసరికి వాళ్ల మాటే నిజమైంది. ఏం చేస్తాం!

శనివారంతో ట్రైనింగ్ అయిపోతుంది. ఆ మర్నాడే సిరిసిల్ల పోయి అమ్మను కరీంనగర్ పెద్ద డాక్టరుకు చూపించాలి. ఊర్మిల బుర్రలో ఉన్నదంతా అదొక్కటే. తల్లి భాగ్య పెళ్లయి వచ్చినప్పటి నుంచీ సాంచాల షెడ్డులో మరమగ్గాలకు కండెలు చుడుతుంది. ఆ నూలు దుమ్ముకు దమ్ము పట్టుకుంది. పోయినసారి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోవడం చూసింది. ట్రైనింగ్ ఆపేసి వస్తానని ఫోన్‌లో అంటే భాగ్య ఒప్పుకోలేదు.

"నడుమల ఇడిసిపెట్టి రాకు బిడ్డా. నేనేడికి పోత? అయిపోయినంకనే రా," అంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగడం ఊర్మిలకు వినిపించింది. అయినా వెళ్లలేదు. సర్టిఫికెట్ లేకపోతే ఇన్నేళ్ల చదువూ గంగలో కలుస్తుందని భయం. అందుకే తన మీద తనకు కోపం కూడా.

మధ్యాహ్నం పెళ్లివాళ్లు లేచి వెళ్లాక మేనమామ రాజేశం మెట్లెక్కి వచ్చాడు. భాగ్యకు తోడబుట్టిన అన్న, బుగ్గారంలో వ్యవసాయం. ఇలాంటి షాపు గడప ఎన్నడూ తొక్కని మనిషి. ఊర్మిలకు ప్రాణం లేచివచ్చింది. ఎదురెళ్లి నీళ్లిస్తే వద్దన్నాడు. కూర్చోమంటే పరుపు అంచున, ఇప్పుడే లేవబోతున్నట్టు కూర్చున్నాడు.

"చీర చూపియ్యి బిడ్డా. మీ అమ్మకు."

"ఒడిబియ్యానికా మామా?"

రాజేశం ఆమె ముఖంలోకి చూసి, తలకాయ ఊపాడు.

ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, ఒడిలో బియ్యం పోసి చీర పెట్టడం అన్నదమ్ముల మర్యాద. భాగ్యకు ఆ మర్యాద జరిగి ఎన్నేళ్లయిందో. బోరెండిందని ఒక ఏడు, వడ్లు తడిశాయని ఒక ఏడు దాటేస్తూ వచ్చాడు. ఇన్నాళ్లకు మామకు బుద్ధి పుట్టిందని ఊర్మిల లోపల్లోపల నవ్వుకుంది. చెల్లెలికి మంచిగా లేదని తెలిసి ఉంటుంది, ఆ చీర కడితే అమ్మకు సగం రోగం పోతుంది అనుకుంది.

భాగ్య కట్టేవన్నీ ఎవరో ఒకరు పెట్టిన చీరలే. పెళ్లిళ్లలో పెట్టినవి, దినాల్లో పెట్టినవి. నీకే రంగు ఇష్టమని ఆమెను అడిగినవాళ్లు లేరు, ఊర్మిలతో సహా. అందుకే ఈసారి కాలేజీలో నేర్చుకున్నదంతా బయటికి తీసింది. పట్టు వద్దు, బరువు. ఆయాసపు మనిషి మోయలేదు. మెరుపులు గుచ్చుకుంటాయి. కిందా మీదా అరలన్నీ వెతికి, చేతికి బరువే తెలియని చిలకపచ్చ చీర, సన్నంచుది, తీసింది. కట్టుకుని ఆ రోజు మొదటిసారి అద్దంలో చూసుకుంది. అమ్మ ఎత్తే తనూ. బాగుంది.

రాజేశం మాత్రం తల దించుకుని నేల చూస్తున్నాడు. ఏదైనా సరే, ఇచ్చేయమన్నాడు. ధర అడగలేదు. చెల్లెకు పెట్టే చీర చూడకుండనే తీసుకుంటరా అని ఊర్మిల మేలమాడింది. పక్కన చీరలు మడతపెడుతున్న శంకరవ్వ చేతులు ఆగిపోయాయి. షాపులో ఆమే పాతమనిషి. లేచి దగ్గరికి వచ్చి, ఇంక చూపియ్యకు, గదే ఇయ్యి అంది మెల్లగా. బేరం తొందరగా తెమల్చమంటోంది కాబోలనుకుంది ఊర్మిల.

చీర విప్పి, చివర ఉన్న జాకెట్ పీసు కత్తెరతో కోసింది. ఇట్లాగే ఇస్తే అమ్మ పెట్టెలో పడేస్తుంది, కుట్టించుకోదు. వెనక గదిలో షాపు టైలరుకు తన కొలతలే చెప్పి, చేతులు కొంచెం బిగువు చేయమంది, అమ్మ చిక్కిపోయింది గదా. పీసు మడతపెట్టి, గుండుసూది గుచ్చి అతని బల్ల మీద పెట్టి వచ్చింది.

"జాకెట్ నేను పట్టుకస్త మామా, కుట్టిచ్చి."

"కుట్టుడు వద్దు బిడ్డా." రాజేశం లేచి నిలబడ్డాడు. "చీర ఇయ్యాల్నే కావాలె. పొద్దుగాల పోయింది మీ అమ్మ. మీ బాపు ఫోన్ జేసిండు. ఆఖరికి కప్పేది పుట్టింటి చీరనే గద. నిన్ను తోల్కపోదామని అచ్చిన."

ఊర్మిల చేతిలో చీర ఉంది. దాన్ని అంచు పైకి వచ్చేలా, నేర్పినట్టే మడతపెట్టింది. ఒక మడత వంకర పోతే విప్పి మళ్లీ పెట్టింది. ఏడుపు రాలేదు. రాజేశమే తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పెళ్లికూతురు బొమ్మ నవ్వుతున్న షాపు సంచీ పక్కకి నెట్టి, శంకరవ్వ చీరను పాత పేపర్లో చుట్టింది. పనివాళ్ల ఫోన్లు మేనేజరు సొరుగులో ఉంటాయి. అతను ఏమీ అడక్కుండా ఆమెది తీసిచ్చాడు. తండ్రి పోచయ్య పేరు మీద వరసగా కాల్స్ ఉన్నాయి.

అప్పుడే ఇంటికి పొయ్యుంటే బాగుండు అనుకుంది ఊర్మిల. అంతకంటే ఇంకేం తోచలేదు.

గుమ్మం దగ్గర నిలబడే అమ్మాయి అందరికీ చెప్పినట్టే చేతులు జోడించి, మళ్లీ రండి అంది. రాజేశం తిరిగి దండం పెట్టాడు. ఇద్దరూ సిరిసిల్ల బస్సు కోసం నడిచారు.

సాయంత్రం టైలరు ఒక పని ముగించి రెండో దానికోసం చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. బల్ల మీద కత్తెర పక్కన చిలకపచ్చ జాకెట్ పీసు, సూది గుచ్చిన మడత విప్పకుండా, అలాగే ఉంది.