వెనకసీటు వైపు తిప్పిన అద్దం

నేను ఒక అద్దాన్ని. కారు లోపల, డ్రైవరు తలకి జానెడు దూరంలో, వెనక వచ్చే బళ్ళని చూపించడానికి బిగించిన చిన్న అద్దాన్ని.

చెన్నై శివార్లలోని ఒక షెడ్డులో నన్ను కోసి, అంచులు అరగదీసి, వీపుకి పూత పూశారు. మొదట ట్రావెల్స్ కారులో పనిచేశాను. ఆ డ్రైవరు రోడ్డుకన్నా తన క్రాఫునే నాలో ఎక్కువగా చూసుకునేవాడు. తర్వాత ఆ కారు కావలిలో ఉండే మాల్యాద్రి చేతికి వచ్చింది. ఆయనకి ఒక సిమెంటు కొట్టు, ఇద్దరు పిల్లలు, తన డ్రైవింగు మీద అంతులేని నమ్మకం. మొదటిరోజే నన్ను కిందికి వంచి వెనకసీటు వైపు తిప్పాడు.

"రోడ్డు సంగతి నేను చూసుకుంటా. ఈ కోతుల్ని కనిపెట్టుకోవాల" అన్నాడు.

వెనక తరుముకొచ్చే లారీకన్నా వెనక కూర్చున్న పిల్లలకే మనుషులు ఎక్కువ భయపడతారని అప్పుడే తెలిసింది.

భయపడటంలో తప్పులేదు. పదేళ్ళ తేజేష్, ఏడేళ్ళ ఉజ్వల ఊరు దాటకముందే కొట్టుకునేవాళ్ళు. తల్లి హైమ మురుకులు పెట్టేది. పాటలు పాడించేది. ఎర్రకార్లు లెక్కపెట్టమనేది. ఫోను ఇస్తే ఉజ్వలకి వాంతులు. అన్నీ అయిపోయాక ఆఖరి అస్త్రం తీసేది. దాని పేరు మూగనోము. ముందు ఎవరు మాట్లాడితే వాళ్ళు ఓడినట్టు. గెలిచినవాళ్ళకి తర్వాత ఆగినచోటు నుంచి ముందుసీటు. ఆ ఆట మొదలైతే కారులో ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. పిల్లలు సంతోషంగా ఉన్నారని పెద్దలు అనుకునేవారు.

మే నెల. హైదరాబాదు ప్రయాణం. దారిలో అద్దంకిలో చుట్టాల గృహప్రవేశం. మాల్యాద్రి ఆకు నిండా తిని, మీగడ పెరుగుతో ముగించి, మిట్టమధ్యాహ్నం స్టీరింగు పట్టుకున్నాడు. హైమ మూగనోము పెట్టి, ముందుసీట్లో కళ్ళు మూసుకుంది.

వెనకసీటు మధ్యలో కూర్చున్న ఉజ్వలకి నాలో తండ్రి కళ్ళు కనపడుతున్నాయి. రెప్పలు వాలాయి. లేచాయి. మళ్ళీ వాలాయి. ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. ముందుసీటంటే ఆమెకి ప్రాణం. మూడోసారి వాలిన రెప్పలు లేవలేదు.

"నాన్న నిద్రపోతా ఉండాడు!"

"ఓడిపోయింది! ఉజ్జి ఓడిపోయింది! ముందుసీటు నాదే!" తేజేష్ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లకే మాల్యాద్రి ఉలిక్కిపడి స్టీరింగు సరిచేశాడు.

"నోము చెడగొట్టావు కదే" అంది హైమ, కళ్ళు తెరవకుండానే.

"నిజం అమ్మా. అద్దంలో చూశా."

"ఓడిపోతే కతలు చెప్తాదిలే" అన్నాడు తేజేష్.

"నేనా? నిద్రా?" మాల్యాద్రి నవ్వాడు. "ఎండకి కళ్ళు చిట్లించానమ్మా."

అయినా టీ బంకు దగ్గర ఆపి, సీసాడు నీళ్ళు ముఖాన కొట్టుకున్నాడు. హైమకి లైసెన్సు ఉంది.

"కాసేపు నేను నడుపుతానండీ" అంది.

"నువ్వు నడిపితే ఎల్లుండికి చేరతాం."

అందరూ నవ్వారు, ఉజ్వల తప్ప. తేజేష్ గెలుచుకున్న సీట్లోకి ఎక్కాడు. హైమ వెనక్కి వచ్చింది.

"ఇంకోసారి నాన్న మీద చాడీలు చెప్పావంటే చూడు" అని కూతుర్ని మెల్లగా గిల్లింది.

ఉజ్వల నన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆ రెప్పలు మళ్ళీ వాలాయి. అరవడానికి నోరు తెరిచి, ముందుగా పక్కనున్న తల్లి ముఖంలోకి చూసింది. అంతసేపే. ఎడమపక్క ఆగి ఉన్న లారీ వెనకభాగంలోకి కారు దూసుకుపోయింది. ముందుసీట్లో తేజేష్ అక్కడికక్కడే పోయాడు.

ఇప్పుడు పోలీసుస్టేషను ఆవరణలో, తుక్కయిన కారులో, పగిలిన గాజుకి వేలాడుతున్నాను. కొన్నాళ్ళకి ఆ ముగ్గురూ సామాన్లు తీసుకోవడానికి వచ్చారు. ఉజ్వల చేతికి సిమెంటు కట్టు ఉంది.

"అసలెట్టా జరిగిందండీ?" హెడ్ కానిస్టేబుల్ అడిగాడు.

"గేదె అడ్డొచ్చింది సార్" అన్నాడు మాల్యాద్రి.

హైమ ముఖం పక్కకి తిప్పుకుంది. హెడ్డు ఉజ్వల ముందు వంగాడు.

"ఏం పాపా, నువ్వు చూశావా?"

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. తర్వాత తల్లి వైపు.

"చూశా. పెద్ద గేదె. పక్కన దూడ కూడా ఉండాది."

హెడ్డు అయ్యోపాపం అన్నాడు. మాల్యాద్రి కూతురి తల నిమిరాడు. ఈసారి ఆమె మాటని ఎవరూ కాదనలేదు.