పడవలో పోసిన నీళ్లు

నీళ్ల నడుమ పడవ విరిగి సింహాద్రి ఇంటికి తిరిగి రాకపోవడం, మంగకు అన్నిటికన్నా పెద్ద భయం అదే, భయమని చెబితే తాండవ రిజర్వాయరులో చేపలు పట్టడం మానేస్తాడా మొగుడు, మానడు, పైగా సముద్రపొడ్డున పడున్న ఈ పాత ఫైబర్ పడవను వ్యానుకెత్తించి నర్సీపట్నం తెచ్చి పెరట్లో దించాడు, పైకి నిగనిగ, అడుగు పలక కోసి చూస్తే లోపలి అడ్డకర్రలు టీలో ముంచిన రస్కుల్లా ఊడొచ్చాయి, మావా ఇది పడవేటి, యముడి బండి అనేసింది, నోర్ముయ్యే అని కసిరింది అత్త అప్పయమ్మ.

ఇప్పుడు ఆ పడవలోకే గొట్టంతో నీళ్లు పడుతున్నాయి, లోపలివి బయటికి కారకపోతే బయటివి లోపలికి రావు కదా అన్నది మంగ ఆలోచనే, కుళ్లు గీకిందీ తనే, కొత్త కర్రల తడి ఆరకుండానే సింహాద్రి బేగి ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ జిగురు పూసేద్దామంటే, తడి లోపలుంచి మూసేత్తే మళ్లీ ఇదే కుళ్లు మావా అని అడ్డంగా కూర్చుందీ తనే, ఎనిమిదితో బడి మానీసిన ఇంజినీరమ్మ సెప్పింది ఇనుకోరా అని అత్త ఎకసెక్కం, అయినా విన్నాడు, ఎండబెట్టాడు, ఆ రెజిన్ వాసనకు కూతురు చిట్టితల్లిని పక్కింట్లో వదిలి, కళ్లు మండుతున్నా కింద గాలి బుడగ మిగలకుండా గుడ్డ అంగుళం అంగుళం అదిమింది తను.

అత్తా, గొట్టం ఆపు, జానెడు నిండింది, టైర్ల మీదున్న పడవ కిందికి దూరి వెల్లకిలా పడుకుంది మంగ, చుక్క, బుగ్గ మీద చుక్క, ఎక్కడ, ఏ అతుకు, గాలి బుడగ ఉండిపోయిందేమో, మావా కారతంది అని అరిచింది, ఎక్కడే, నీ కూతురు లోపల కూకుని నీళ్లు సిమ్ముతంది అని కూతుర్ని పట్టుకున్న సింహాద్రి నవ్వు, పైన చిట్టితల్లి కిలకిల, తడిమింది, ఇటు పొడి, అటు పొడి, ఓలమ్మో అంతా పొడే, అన్ని నీళ్లూ తన మొహానికి సరిగ్గా పైనే ఉన్నాయి, తను అదిమిన గుడ్డ మోస్తోంది, నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది.

మావా, ఆదివారం దీన్ని తొలిసారి నీళ్లలో దించినప్పుడు నేనూ ఎక్కుతాను, ఈతొచ్చేటే నీకు, రాదు, నువ్వున్నావు గదా, బయం లేదేటి, ఉంది, గట్టున కూకుంటే ఇంకా ఉంటది, అంటూనే తెలిసింది మంగకు, ఇన్నాళ్లూ తనను తిన్నది నీళ్లు కాదు, గట్టున కూర్చోవడమే, ఇద్దరూ ఎల్తే నానేటైపోవాలే అని అప్పయమ్మ కుళాయి దగ్గరే చతికిలబడింది, ఆదివారం పొద్దున మీరెవరైనా రిజర్వాయరు వైపు వెళ్తే, గట్టు మీద ఆమె మనవరాలిని చంకనేసుకుని నీళ్లకేసి రెప్పవేయకుండా చూస్తుంటుంది, కాస్త పలకరించండి, ఏమైనా తిన్నారా అని అడగండి.