రాజన్న పటం వెనుక సెల్లులు

“నవనీతా, గీ సెల్లులు పేలితే ఎట్ల బిడ్డా? పరాయోళ్ల పిల్లలు. వాళ్ల అవ్వలు వచ్చి మన గల్లీల లొల్లి చెయ్యరా?”

అప్పటికింకా ఏమీ జరగలేదు. జరగకముందే భయపడటం నాకు అలవాటు. మా అమ్మాయి నవనీత కరీంనగర్‌లో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. రోజూ కాలేజీకి రాలేని పిల్లల కోసం ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసి, ఇంట్లోనే ప్రయోగాలు చేసుకునేందుకు తలా ఒక డబ్బా పంపిస్తోంది. డబ్బాలో చిన్న ఎర్ర లైటు, వైర్లు, రెండు పెన్సిల్ సెల్లులు.

“రెండు సెల్లులకు ఏం కాదవ్వా. మన గడియారం ఎన్నడన్న పేలిందా?” అని నవ్వింది.

పేలలేదు, నిజమే. ఇక ముందు పేలదని ఎవరు రాసిచ్చారు? నా చదువు ఏడో తరగతితో ఆగింది గానీ, భయంలో మాత్రం పీజీ దాకా చదివాను. డబ్బాలకు టేపు అంటించే పని నాకు అప్పగించి అది స్నానానికి వెళ్లగానే, అన్నిట్లోంచీ సెల్లులు తీసి సంచిలో కట్టి, వేములవాడ రాజన్న పటం వెనుక పెట్టాను. అంతా క్షేమంగా గడిస్తే ఆ దేవుడి గుడిలో కోడెను కడతానని మొక్కాను కూడా. ఇప్పటిదాకా మొక్కిన కోడెలన్నీ కడితే గుడిలో మనుషులకు చోటుండదు.

డబ్బాలు పిల్లలకు చేరాక జరిగిన మొదటి ఆన్‌లైన్ క్లాసును ప్రిన్సిపాల్ కూడా చూస్తున్నారు. పిల్లలు ప్రయోగం చేయగలిగితేనే ఈ ఇంటి ల్యాబు ఉంటుంది, లేకపోతే బంద్.

“లైటు వెలిగిందా?” అడిగింది నవనీత.

“మేడం, డబ్బాల సెల్లులే లేవు,” అన్నాడు హుస్నాబాద్ నుంచి షాహిద్.

నవనీత మెల్లగా నా వైపు తిరిగింది. నేను రాజన్న వైపు తిరిగాను. పటం వెనుక సంచి ఉబ్బెత్తుగా కనబడుతోంది.

“అవ్వా!”

“పేల్తయని, షాక్ కొడ్తదని తీసిన బిడ్డా...” నా మాట అందరికీ వినబడిపోయింది.

నవనీత మళ్లీ తెర వైపు తిరిగింది. “సరే, ఇంట్ల రిమోట్ల, గడియారంల ఏం సెల్లులుంటే అవి పెట్టుండ్రి.”

ఎవరూ పలకలేదు. తెర మీద పేర్లే తప్ప ముఖాలు లేవు. నవనీత మళ్లీ అడిగింది. ప్రిన్సిపాల్ దగ్గారు. బిడ్డ నెలల కష్టం నా చేతుల్లోనే పోయిందనుకున్నాను. ఆ వెంటనే అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది.

“అందరికి ఒక్కసారే కరెంటు కొట్టిందా ఏంది?” అని గట్టిగానే అనేశాను.

చాలాసేపటికి బెల్లంపల్లి నుంచి కావ్య గొంతు వచ్చింది.

“మేడం, వెలిగింది! మా గడియారం ఆగింది, బాపు రిమోట్ కోసం లొల్లి పెడ్తుండు... అవ్వా, నువ్వు ఫికర్ చెయ్యకు. నేను బతికే ఉన్న.”