మొక్కు పళ్ళెంలో వేసిన ఒట్టు

మా చిన్నవాడు బాస్టియన్ ఆ మాట రేవులోనో, కల్లు తాగేచోటో అని ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. మగవాళ్ళు అక్కడ అనే మాటలు గాలికే పోతాయి. వాడు ఇంట్లో, ప్రార్థన బల్ల ముందు నిలబడి, మొక్కు పళ్ళెంలో నాణెం వేసి మరీ అన్నాడు.

"మా అన్న మార్టెన్ గడప నేను గానీ, నా ఇంట్లోవాళ్ళు గానీ తొక్కితే సముద్రం నన్ను మింగెయ్యాలి."

మా దీవిలో ఏ ఇంటికి వెళ్ళినా ముందుగదిలో ఓ మూల ఆ బల్ల ఉంటుంది. తెల్లగుడ్డ, దాని మీద బైబిలు, పక్కన తెల్ల పళ్ళెం. పిల్లకి జ్వరమొచ్చినా, మనిషి పడవెక్కినా, లవంగం కోతకి చెట్టెక్కినా అందులో ఓ నాణెం వేసి, తల వంచి, మనసులో ఉన్నది చెప్పుకుంటాం. మేము దేవుణ్ణి తీపి తాతయ్య అంటాం. ఆ బల్ల ముందు అన్న మాట ఆయన చెవిలో అన్నట్టే. ఇక వెనక్కి తీసుకోవడమనేది ఉండదని మా వాళ్ళ నమ్మకం.

గొడవ ఒక సగ్గుచెట్టు గురించి. వాళ్ళ నాన్న పోయాక తోట ఇద్దరికీ పంచినప్పుడు ఆ చెట్టు సరిగ్గా హద్దు మీద నిలిచింది. సగ్గుచెట్టు సంగతి తెలుసుగా, బతుకులో ఒక్కసారే పూస్తుంది. పూత విప్పేలోగా నరికితే బోదె నిండా పిండి, విప్పాక నరికితే పీచు. పెద్దవాడు మార్టెన్, తమ్ముడు ఊళ్ళో లేని సమయంలో దాన్ని నరికేశాడు.

"పూత విప్పబోతుంటే నరికానురా. నువ్వొచ్చేదాకా ఆగితే ఇద్దరికీ పీచే మిగిలేది. నీ వాటా పిండి బుట్టల్లో పోసి ఉంచాను, పట్టుకుపో."

"నీ పిండి నువ్వే తిను. చిన్నప్పుడు చేప తలకాయ నువ్వే తిన్నావు, నాన్న పడవ నువ్వే తీసుకున్నావు, ఇప్పుడు చెట్టు."

చేప తలకాయ దాకా వెళ్ళిన గొడవని ఏ తల్లి తీర్చగలదు? నేను ఇద్దర్నీ తిట్టాను. వాళ్ళు ఇద్దరూ కలిసి నా మీద అలిగారు. అదొక్కటే ఆ రోజు అన్నదమ్ములు కలిసి చేసిన పని.

ఇది జరిగాక తూర్పు గాలులు మొదలయ్యాయి. ఆ కాలంలో సముద్రం మనిషి మొహం చూడదు. వచ్చే ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే అందరూ కలిసి రొట్టె అందుకునే ఆరాధన, ఉంది. బల్లకి ముందు సంఘపెద్దలు ఇంటింటికీ వచ్చి ఎవరి మనసులో ఎవరి మీద ఏముందో అడుగుతారు. పగ పెట్టుకుని రొట్టె ముట్టకూడదు. వాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు బాస్టియన్ వల బాగుచేసుకుంటూ, "నేనీసారి బల్లకి రాను" అని తల కూడా ఎత్తలేదు. మర్నాడు వెలుగు రాకముందే పడవ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో కూర్చుంటే మళ్ళీ ఎవరైనా వచ్చి అడుగుతారని కాబోలు.

మధ్యాహ్నానికి తూర్పున ఆకాశం సీసంలా అయింది. మిగతా పడవలన్నీ వెనక్కి వచ్చేశాయి. మా వాడిది రాలేదు.

మా చిన్నకోడలు, బాస్టియన్ భార్య వెల్మినా కూర్చోలేకపోయింది. గుమ్మంలోకి వెళ్ళేది, రేవు వైపు చూసేది, లోపలికి వచ్చి పొయ్యిలో కట్టె ఎగదోసేది, మళ్ళీ గుమ్మంలోకి. పైకప్పు రేకులు గాలికి కొట్టుకుంటుంటే ఎవరో వచ్చారనుకుని తిరిగి చూసేది. నేనైనా అంతే. కొబ్బరి తురుముదామని కూర్చుని, తురిమిన చిప్పనే మళ్ళీ తురిమాను.

ఆ సముద్రంలోకి వెళ్ళగల పెద్ద ఇంజను పడవ ఊళ్ళో ఒక్కటే ఉంది. అది మార్టెన్‌ది.

"నేను వెళ్ళి పెద్దాడికి చెబుతాను" అని లేచాను.

వెల్మినా పరుగెత్తుకొచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. "వద్దు అత్తమ్మా! నా ఇంట్లోవాళ్ళు గానీ అని ఆయన ఒట్టేశారు. ఇంట్లోవాళ్ళంటే మీరు కూడా. ఆయన నీళ్ళ మీద ఉండగా ఒట్టు తప్పితే ఎవరికి తగులుద్ది?"

"పక్కింటివాళ్ళ చేత కబురు పంపుదాం."

"కబురు పంపినా మనం తొక్కినట్టే. తాతయ్యని మోసం చెయ్యగలమా?"

అని, బల్ల దగ్గరికి వెళ్ళి బైబిలు తీసింది. వాళ్ళ పుట్టింటి అలవాటు అది. కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసి, పుస్తకం ఎక్కడ తెరుచుకుంటే అక్కడ వేలు పెట్టి చదవడం. అదే ఆ రోజుకి జవాబు.

మొదటిసారి ఎవరికి ఎవరు పుట్టారో, వాళ్ళకి మళ్ళీ ఎవరు పుట్టారో వచ్చింది. రెండోసారి ఇంటి గోడకి బూజు పట్టి మచ్చలు పడితే యాజకుణ్ణి పిలిచి చూపించాలని వచ్చింది. నేను మా గోడ వైపు చూశాను. వానలకి పచ్చగా పాకి ఉంది.

"ఇదయితే మనకోసమే రాశారే పిల్లా" అన్నాను, కాస్త నవ్విద్దామని.

నవ్వలేదు. మూడోసారి తెరిచింది. చదువుతూ చదువుతూ పెదవులు ఆగిపోయాయి. పుస్తకం నా ఒళ్ళో పెట్టేసింది. నేను చదివింది రెండో తరగతే. అక్షరాలు కూడబలుక్కునేలోపు కన్నీళ్ళు వస్తాయి, దుఃఖంతో కాదు, కళ్ళు మండి. "ఏమొచ్చిందో నువ్వే చెప్పు" అన్నాను.

"యెఫ్తా" అంది.

యెఫ్తా కథ మీకు తెలిసే ఉంటుంది. యుద్ధానికి వెళుతూ, గెలిచి వస్తే ఇంట్లోంచి నాకు మొదట ఎదురొచ్చినదాన్ని బలి ఇస్తానని మొక్కుకున్నవాడు. గెలిచి వచ్చాడు. ఎదురొచ్చింది వాడి ఒక్కగానొక్క కూతురు. నోరు తెరిచి దేవుడికి మాట ఇచ్చేశాను, ఇక వెనక్కి తీసుకోలేనని బట్టలు చింపుకుని ఏడ్చాడు.

"చూశారా? మాట తప్పకూడదనే వచ్చింది. నేనిక ఎక్కడికీ వెళ్ళను." వెల్మినా నేల మీద కూలబడింది. బయట గాలి మరో రేకుని లేపింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. యెఫ్తా మీదేనేమో.

"ఆ పిల్ల ఎందుకు చచ్చిపోయిందో తెలుసా?" అన్నాను. "ఆ ఇంట్లో ఒక్కరు కూడా ఆయన ముందు నిలబడి, నీ నోరు తొందరపడింది, దేవుడు అడగనిది నువ్వే అన్నావు, తలవంచి క్షమాపణ అడుగు అని చెప్పలేదు. తల్లి ఉందో లేదో, ఉంటే ఏం చేసిందో రాయలేదు. ఊళ్ళోవాళ్ళు ఏడ్చారట. ఏడవడానికి అందరూ ఉంటారు."

"అలా అనకండి అత్తమ్మా, పుస్తకంలో ఉంది..."

"పుస్తకంలో ఇంకోటి కూడా ఉంది. మన ప్రభువు కొండ మీద కూర్చుని చెప్పిన మాటల్లో. నువ్వు కానుక పట్టుకుని బలిపీఠం దగ్గరికి వచ్చాక, నీ సోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలెయ్. ముందు వెళ్ళి వాడితో కలువు. కానుక సంగతి ఆ తరవాత. అంతే చెప్పాడు. ముందు నీ పంతం తీర్చుకో అనలేదు."

"మీరు కల్పించి చెప్పట్లేదుగా?"

"వెతుక్కో. మత్తయిలో. ఈసారి కళ్ళు తెరిచి వెతుకు."

వెతికింది. నేను ఆమె వేలినే చూస్తున్నాను. వేలు ఒకచోట ఆగి, అక్కణ్ణించి కిందికి జారి, మళ్ళీ ఆగింది.

"దీని కిందే..." అంది నెమ్మదిగా. "అసలు ఒట్లే పెట్టుకోవద్దని ఉంది. అవునంటే అవును, కాదంటే కాదు అనమని."

"మా ఆయన అది చదివే మా ఇంట్లో ఒట్లు మాన్పించాడు. ఆయన కొడుక్కే ఆ బుద్ధి రాలేదు."

వెల్మినా పళ్ళెం వైపు చూసింది. నాణెం తెల్లటి పింగాణీ మధ్యలో చీకటి కన్నులా ఉంది.

"అత్తమ్మా, నేను అడుగు పెట్టగానే ఆయన మునిగిపోతే?"

"నాకు తెలీదమ్మా" అన్నాను. "అడుగు పెట్టకపోతే వెతికేవాడు లేడు. అదొక్కటే తెలుసు."

వెల్మినా కొంగు తల మీద వేసుకుని లేచింది.

మార్టెన్ ఇల్లు మా వీధి చివరే. వాడు గుమ్మం లోపల, రెండు కాళ్ళ మధ్య పెట్రోలు డబ్బా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇంజను అప్పటికే రేవుకి మోయించేశాడు. వాడి భార్య సార్చె మమ్మల్ని చూడగానే వరండాలోకి ఉరికింది.

"వచ్చారా! ఆకాశం మారినప్పట్నించీ ఈయన ఇలాగే కూర్చున్నాడు అత్తయ్యా. పిలిస్తే వెళ్తాడట. పిలవకుండా వెళితే తమ్ముడు, నిన్నెవడు రమ్మన్నాడని అంటాడట."

"సముద్రంలో ఉన్నవాడు నిన్నెలా పిలుస్తాడ్రా? ఉత్తరం రాస్తాడా?" అని అరిచాను.

మార్టెన్ నా వైపు చూడలేదు. వరండాలో ఆగిపోయిన వెల్మినా వైపే చూశాడు. "బయట నిలబడ్డావెందుకు? నా గడప అంత పాపిష్టిదా?"

"ఒరేయ్, ఇదా సమయం..." అని నేను చెయ్యెత్తేలోగా వెల్మినా కళ్ళు గట్టిగా మూసుకుని, చలినీళ్ళలో దిగేదానిలా, ఒక కాలు లోపల పెట్టింది. తరవాత రెండోది.

"వచ్చాను బావగారూ. ఆయన్ని తీసుకురండి."

ఆ కళ్ళు మూసుకున్న మొహం చూసి మార్టెన్‌కి సిగ్గేసింది. నా కొడుకు కాబట్టి నాకు తెలుసు, సిగ్గేస్తే వాడి చెవులు ఎర్రబడతాయి. మాట్లాడకుండా డబ్బా ఎత్తుకుని పరుగెత్తాడు. వాడు రేవు చేరేలోపే వాన మొదలైంది.

ఆ తరవాతి వేళ ఎలా గడిచిందో చెప్పడం కష్టం. మేము ముగ్గురం పడవల పాక కింద నిలబడ్డాం. సార్చె ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది, మానితే భయమేస్తుందని. వెల్మినా ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అంది. "నేను తొక్కాను అత్తమ్మా. రెండు కాళ్ళతో తొక్కాను." నేను తాతయ్యతో మాట్లాడదామని చూశాను. చిన్నప్పట్నించీ విన్న కీర్తనలన్నీ నోట్లోకి వచ్చి ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. ఒక కీర్తనలోని కాపరి పచ్చికలో ఉండగానే ఇంకో కీర్తనలోని అలలు మీదికి వచ్చేవి.

వెలుగు తగ్గుతుండగా ఇంజను చప్పుడు వినిపించింది. వాన తెరలో, పడవ వెనకభాగంలో మార్టెన్ కూర్చుని ఉన్నాడు. ముందువైపు ఏదో ముద్ద పడి ఉంది. అది కదలలేదు. వెల్మినా నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి.

ఆ ముద్ద లేచి కూర్చుని, "నా వల పోయింది!" అని అరిచింది.

ఇంటికి తెచ్చి, పొడి లుంగీ కట్టించి, అల్లం కాచి ఇచ్చాం. వణుకు తగ్గాక బాస్టియన్ మొట్టమొదట అడిగిన మాట, "అన్నని ఎవరు పిలిచారు?"

"నేనే" అంది వెల్మినా. "గడప తొక్కాను."

"ఎప్పుడు?"

"వాన మొదలయ్యే ముందు."

గిన్నె వాడి చేతిలో ఆగిపోయింది. "వాన మొదలవుతుండగానే నా పడవ బోల్తా పడింది."

ఆ గదిలో అందరం పళ్ళెం వైపే చూశాం. నాకూ భయమేసింది, కాదనను. కానీ యెఫ్తా ఇల్లు గుర్తొచ్చింది.

"పడింది సరే" అన్నాను. "నువ్వు ఆ బోర్లాపడ్డ పడవని పట్టుకుని ఉంటే, నిన్ను తీసినవాడు ఎప్పుడు బయల్దేరాడు?"

వాడు అన్న ఇంటి వైపు చూశాడు.

"నీ పెళ్ళాం గడప తొక్కాకే బయల్దేరాడురా. తొక్కకపోతే ఈపాటికి నీ ఒట్టు నీటి అడుగున భద్రంగా ఉండేది. నువ్వూ దానితోనే ఉండేవాడివి."

బాస్టియన్ గిన్నె కింద పెట్టాడు. భార్య కాళ్ళ వైపు కాసేపు చూశాడు. ఇంకా బురద ఆరలేదు. అప్పుడు లేచి, నాణెం ముట్టకుండా బల్ల పక్కనుంచి నడిచి, ఆ వానలోనే బయటికి వెళ్ళాడు. వీధి చివరి వైపు.

వెల్మినా మళ్ళీ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఉరుము ఉరిమితే ఉలిక్కిపడింది. నేనూ ఆమె వెనకే నిలబడ్డాను. నమ్మకమున్నదాన్నే, అయినా కూర్చోలేకపోయాను.

అక్కడ ఏం జరిగిందో తరవాత సార్చె చెప్పింది. బాస్టియన్ గడప దగ్గర ఆగితే మార్టెన్, "తొక్కకురా, ఒట్టు తగులుద్ది" అన్నాడట. వీడు, "తగలాల్సింది తగిలింది, వల పోయింది" అని లోపలికి వెళ్ళి, అన్న పక్కన కూలబడ్డాడట. కాసేపటికి మార్టెన్ లేచి, తన పాత వల తెచ్చి వాడి ఒళ్ళో వేశాడట.

మాకు కనిపించిందల్లా వీధిలో తడుస్తూ వస్తున్న మా వాడు, వాడి చేతుల్లో అరిటాకు కప్పిన కుండ.

"వదిన వేడిగా ఉన్నప్పుడే తినమంది" అన్నాడు.

సగ్గుపిండి ఉడికించిన జావ. జిగురులా సాగుతుంది కాబట్టి రెండు పుల్లలకి చుట్టి పళ్ళాల్లో వేశాను. కాస్త ఎర్రగా ఉంది పిండి. హద్దు మీది ఆ చెట్టు పిండిది ఆ రంగే. ఎక్కడి పిండని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వెల్మినా మాత్రం తింటూ తింటూ మొక్కు పళ్ళెం వైపు, గుమ్మం వైపు చూస్తూనే ఉంది.

ఆదివారం బాస్టియన్ ఆ నాణెం తీసి చర్చి కానుక పెట్టెలో వేశాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే వరసలో నిలబడి రొట్టె అందుకున్నారు. తూర్పు గాలి ఇంకా కిటికీ రెక్కలు కొడుతూనే ఉంది.