పళ్ళొచ్చే జ్వరం

ఉదయం ఎనిమిదయ్యేసరికి ముందుగదిలోని పన్నెండు కుర్చీలూ డెట్టాల్ నీళ్ళతో తుడవాలి. కిరసనాయిలు హీటరు వెలిగించాలి. నిన్నటి పేషెంట్ల కార్డులు బీరువాలో సర్దాలి. ఈ పనులన్నీ చేస్తున్నంతసేపూ హైమావతి ఒక చెవి హాల్లోని ఫోను మీదే ఉంచాలి. మూడోసారి మోగేలోపు ఎత్తాలన్నది భర్త పద్మనాభం పెట్టిన నియమం. పోపు మాడుతున్నా, చేతులు పిండిలో ఉన్నా, ఒంటి మీద సబ్బు నురగతో ఉన్నా సరే.

ఇంగ్లండులో, వాట్‌ఫర్డ్ శివార్లలో వాళ్ళుండే ఇంటి ముందుభాగం రోగుల్ని చూసే సర్జరీ, వెనకభాగం కాపురం. పద్మనాభం ఆ పేటకి ఒక్కడే డాక్టరు. అతను ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసొచ్చేటప్పుడు ఫోనుకి హైమే దిక్కు. ఆ పనికి పేరు లేదు, జీతం లేదు, ఆదివారం లేదు. పెళ్ళైన కొత్తలో అత్తగారు, "మావాడు చదివింది వైద్యం, నువ్వు చదవాల్సింది మావాణ్ణి," అంది. హైమ అప్పటికే కాకినాడలో బి.ఏ. చదివింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం ఉన్నట్టు లేదు.

కబుర్లు ఆమె ఒక పొడుగాటి నోట్‌బుక్‌లో తెలుగులో రాసేది. చెయ్యి చకచకా సాగుతుందని మొదలుపెట్టింది. పద్మనాభం కూడా ఒప్పుకున్నాడు. పుస్తకం హాల్లో బల్లమీద పడి ఉంటుంది కదా, వచ్చేపోయేవాళ్ళు పక్కింటివాళ్ళ రోగాలు చదివే ప్రమాదం ఉండదు అన్నాడు.

ఫోను ఎత్తడం మొదలైన నాలుగేళ్ళలో ఆమెకి ఆ గొంతులు అలవాటైపోయాయి. పాఠ్యపుస్తకాల్లో లేని ఇంగ్లీషు అది. మాటలు సగం మింగేసేవాళ్ళు, ఏడుస్తూ మాట్లాడేవాళ్ళు, సిగ్గుపడి అసలు విషయం చివరిదాకా చెప్పనివాళ్ళు. ఎవరికి నిజంగా భయం పట్టుకుందో, ఎవరు ఊరికే తోచక ఫోను చేశారో గొంతుని బట్టి చెప్పేయగలదు. ఈ విద్య తనకుందని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక.

ఆ ఫిబ్రవరిలో, డెబ్భైరెండులో, గని కార్మికుల సమ్మె మూలంగా కరెంటు పేటలవారీగా వంతులు పెట్టి తీసేసేవారు. ఏ పేటకి ఎన్నింటికి చీకటో పేపర్లో వేసేవారు. ఒక శనివారం మధ్యాహ్నం, మబ్బు చీకట్లో, హైమ కొవ్వొత్తి పక్కన పెట్టుకుని చింతపండు పిసుకుతోంది. ఆ సాయంత్రం హేస్‌లో డాక్టరు రామకృష్ణారావుగారింట్లో మన తెలుగు డాక్టర్ల కుటుంబాలన్నీ కలిసే విందు. నలభైమందికి పులిహోర ఆమె వంతు. అడిగింది వాళ్ళు కాదు, "మా హైమ చేస్తుంది," అని పద్మనాభమే మాటిచ్చేశాడు.

మూడూ పదికి ఫోను మోగింది. వీధి చివరి ఫోను డబ్బా నుంచి మిసెస్ డాడ్ అనే పిల్లతల్లి. పాపకి ఎనిమిది నెలలు. పొద్దుటినుంచి జ్వరం, పాలు తాగట్లేదు. హైమ చింతపండు చేతిని కొంగుకి తుడుచుకుని రాసుకుంటోంది. ఆ తల్లి ఒక్క క్షణం ఆగి, ఇది చెప్పాలో వద్దో అన్నట్టుగా, ఎత్తుకుంటే కెవ్వుమంటోంది, పడుకోబెడితే ఊరుకుంటోంది అంది. హైమ కలం ఆగింది. ఏ పిల్లయినా ఎత్తుకుంటే ఊరుకుంటుంది, దింపితే ఏడుస్తుంది. ఆమెకి పిల్లలు లేరు, కానీ ముగ్గురు చెల్లెళ్ళని చంకనేసుకుని పెంచింది. మెడ ఎలా ఉందని అడిగింది. బిగుసుకున్నట్టుంది అంది తల్లి. హైమ ఆ రెండు ముక్కలూ రాసి కింద గీత గీసింది.

నాలుగున్నరకి పద్మనాభం టీ తాగుతుంటే పుస్తకం అతని ముందు పెట్టింది. అతను చదివాడు. గీత గీసిన చోట అతని చూపు ఆగడం ఆమె చూసింది.

"పళ్ళొచ్చే జ్వరం," అన్నాడు. "తొలిచూలు తల్లులకి తుమ్మినా గాభరాయే."

"మెడ బిగుసుకుందన్నదండీ."

"నువ్వు డాక్టరువా?"

ఆమె పుస్తకం మూసింది. సాయంత్రం సర్జరీలో రోగుల్ని చూడ్డం ఆరున్నరకి అయింది. ఏడు దాటాక వచ్చే ఫోనులు పక్క ఊరి డాక్టరు చూసుకునే ఏర్పాటు. అప్పటిదాకా వచ్చినవన్నీ పద్మనాభమే చూసి వెళ్ళాలి. అతను టై సరిచేసుకుని కారు తీశాడు. హైమ ఒళ్ళో పులిహోర గిన్నె, గుడ్డలో చుట్టినా తొడలు కాలుతున్నాయి.

డాడ్ వాళ్ళ వీధి దారిలోనే. కరెంటు లేదు, వీధి పొడుగునా నల్లటి ఇళ్ళు, అక్కడక్కడ కిటికీలో కొవ్వొత్తి. "ఒక్క నిమిషం ఆపండి, నేను గిన్నె పట్టుకుని కూర్చుంటాను," అంది హైమ. హెడ్‌లైట్ల వెలుగు ఒక గేటు మీద పడింది. ఆ గేటు దగ్గర ఒకమ్మాయి భుజాన శాలువాతో, రోడ్డు వైపే చూస్తూ నిలబడి ఉంది. కారు చూసి చెయ్యెత్తింది. పద్మనాభం గేరు మార్చాడు. హైమ వెనక్కి తిరిగి చూసింది. ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, కిందికి దించాలని తోచనట్టు.

ఆ రాత్రి పులిహోర బాగుందని అందరూ అన్నారు.

తెల్లవారుజామున పక్కింటివాళ్ళ వ్యానులో పాపని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మెదడు పొరల వాపు. ప్రాణం దక్కింది, వినికిడి పోయింది. ఏప్రిల్‌లో ఒక ఉత్తరం వచ్చింది. డాక్టర్ల మీద ఫిర్యాదులు వినే కమిటీ ముందుకి పద్మనాభం రావాలి, ఫోను తీసుకున్న మనిషినీ, కబుర్ల పుస్తకాన్నీ వెంట తీసుకురావాలి.

ఆ మర్నాడు పొద్దున్న పద్మనాభం కాఫీ కలిపి హైమ మంచం దగ్గరికి తెచ్చాడు. ఏడేళ్ళ కాపురంలో అది మొదటిసారి. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాడు. ఆమెకి అప్పుడు వేసిన భయం, అతను గిన్నెలు విసిరేసిన రోజున కూడా వెయ్యలేదు.

సాయంత్రానికి తెలిసింది. పుస్తకంలోని ఆ పేజీకి అతను ఇంగ్లీషు అనువాదం టైపు చేశాడు. పాప, ఎనిమిది నెలలు, జ్వరం, పాలు తక్కువగా తాగుతోంది, చిరాకు, పళ్ళు రావడం కావచ్చు. అంతే. గీత గీసిన రెండు ముక్కలూ అందులో లేవు.

"అక్కడ తెలుగు వచ్చినవాడు ఒక్కడుండడు," అన్నాడు మెల్లగా, రోగికి నచ్చచెప్పే గొంతుతో. "నువ్వు ఇది సరిగ్గానే ఉందంటావు. ఆవిడ ఏదైనా చెప్పి ఉంటే నాకు అర్థమై ఉండదు, నా ఇంగ్లీషు అంతంతమాత్రం అంటావు. నీమీద ఎవరూ చర్య తీసుకోరు హైమా. పోవడానికి నీకు ఉద్యోగమేముంది?"

ఆ తర్వాత వారంపాటు రోజూ చిక్కుళ్ళు ఒలుస్తున్నప్పుడు ఎదురుగా కూర్చుని కమిటీవాళ్ళలా ప్రశ్నలు వేసి ఆమె చేత జవాబులు వల్లె వేయించాడు. ఇంకొంచెం తడబడాలి అని దిద్దేవాడు. మరీ శుభ్రంగా మాట్లాడుతున్నావు, నమ్మరు. ఫిర్యాదుకి అసలు కారణం మన రంగు అన్నాడు ఒకరోజు. తెల్ల డాక్టరైతే ఆ పిల్లతల్లి నోరు మెదిపేది కాదు. అది చాలావరకు నిజమేనని హైమకీ తెలుసు. సర్జరీ గోడ మీద ఎవరో రాసిన బూతుమాటని రెండుసార్లు ఆమే బ్రష్షుతో రుద్ది కడిగింది. ఆ నిజాన్ని ఈ అబద్ధం మీద కప్పుతున్నాడనే ఆమె బాధ. ఇంకోరోజు, మాట మధ్యలో ఊరికే అన్నట్టుగా, నువ్వు ఈ దేశంలో దిగింది నా పాస్‌పోర్టు మీద కదూ అన్నాడు. నిజమే. ఆమెకి వేరే పాస్‌పోర్టు లేదు. అతనిదాంట్లోనే ఒక పేజీలో ఆమె ఫోటో ఉంది.

హేస్ నుంచి రామకృష్ణారావుగారి భార్య సుభద్ర ఫోను చేసింది. "ఇదిగో హైమా, మొగుడి పరువు కోసం మనమెన్ని ఆడలేదు? మా ఆయన సర్జరీలో నిద్రపోతుంటే ఆపరేషన్‌లో ఉన్నారని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నీ ఇంగ్లీషు బాగోదని ఆ తెల్లవాళ్ళు అనుకుంటే అనుకోనీ, వాళ్ళతో వియ్యమందుతావా?"

హైమకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి. ఫోను పెట్టేశాక హాల్లోనే చాలాసేపు నిలబడిపోయింది. ఇంగ్లీషు రాదంటే ఆమెకి పోయేదేముంది? ఈ నాలుగేళ్ళలో తనదంటూ ఆమె సంపాదించుకున్నది ఒక్కటే, అవతలి మనిషి చెప్పింది చెప్పినట్టు వినగలగడం. ఆ ఒక్కటీ లేదని తన నోటితో తనే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే రేపు మళ్ళీ ఫోను మోగుతుంది, మళ్ళీ పరుగెత్తుకెళ్ళి ఎత్తాలి, ఆ చివర ఇంకో తల్లి ఉంటుంది. ఒప్పుకోకపోతే ఇల్లుండదు, ఆ నాలుగు గోడలూ అతని డాక్టరు పనితో ముడిపడ్డవే. అతను ఉంటాడో ఉండడో. తను ఎక్కడుంటుందో.

కమిటీ కూర్చున్నది ఒక ఆఫీసు మేడమీద గదిలో. పొడుగాటి బల్ల వెనక ఐదుగురు. ఎదురుగా మిసెస్ డాడ్, నిండా ఇరవై రెండేళ్ళుండవు, నీలం కోటు గుండీలు మెడదాకా పెట్టుకుంది. ఒళ్ళో పాప. పద్మనాభం మాట్లాడినంతసేపూ బాగా మాట్లాడాడు. ఆ వారమంతా కరెంటు లేకుండా రోజుకి ఎన్ని ఇళ్ళు తిరిగాడో చెప్పాడు. తన భార్య శక్తికొద్దీ సాయం చేస్తుందనీ, కొత్త భాష కదా, పొరపాట్లు సహజమనీ చెప్పి ఆమె వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. బల్ల వెనక ఇద్దరు జాలిగా తలూపారు.

అప్పుడు గాలికి తలుపు దభాలున మూసుకుంది. గదిలో అందరూ ఉలిక్కిపడి అటు తిరిగారు. పాప మాత్రం తలెత్తలేదు. తల్లి కోటు గుండీని వేళ్ళతో తిప్పుతూ అలాగే ఉంది.

చైర్మన్ టైపు కాగితాన్నీ, నోట్‌బుక్‌నీ పక్కపక్కన పెట్టి హైమని లేవమన్నాడు. తొందర లేదమ్మా, అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను అన్నాడు. ఈ అనువాదం మీరు రాసినదానికి సరిపోతుందా?

వారం రోజులు వల్లె వేసిన జవాబు హైమ నాలుక చివరే ఉంది.

"సరిపోదు," అంది ఇంగ్లీషులో. "రెండు ముక్కలు వదిలేశారు." ఆ రెండూ వేలు పెట్టి చూపించి, తెలుగులో చదివి, ఇంగ్లీషులో చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ఆ సాయంత్రం నాలుగున్నరకి డాక్టరుగారు వీటిని తన ఎదుటే చదివారని కూడా చెప్పింది.

"హైమా, కూర్చో," అన్నాడు పద్మనాభం తెలుగులో, పెదవులు కదిలీ కదలకుండా. ఆ గొంతు ఆమెకి తెలుసు. ఇంటికి వెళ్ళాక ఆ గొంతు ఎలా మారుతుందో కూడా తెలుసు.

చైర్మన్ కాగితం మీద ఏదో రాసుకుని, మీరు చేయవలసింది మీరు చేశారు మిసెస్ పద్మనాభం, ఇక కూర్చోవచ్చు అన్నాడు. ఆమె కూర్చోలేదు. బల్ల వెనకవాళ్ళని వదిలేసి నీలం కోటు అమ్మాయి వైపు తిరిగింది.

"ఆ సాయంత్రం ఏడు గంటలు కావడానికి ఇంకా పావుగంట ఉందనగా మీ గేటు ముందు నుంచి ఒక కారు వెళ్ళింది. మీరు చెయ్యెత్తారు. అది డాక్టరుగారి కారే," అంది. "ఆ కారులో నేనూ ఉన్నాను."