రేపటి గది

చంద్రప్ప పీటను జానెడు వెనక్కి జరుపుకుని, ఎడమకాలు బారచాపి, సిమెంటు, ఇసుక కలిపిన తడి మాల్ మీదికి బండను మెల్లగా దింపాడు. చెక్క సుత్తితో నాలుగు మూలలూ తట్టి విన్నాడు. మూడు మూలలు నిండుగా పలికాయి. నాలుగోది బోలుగా పలికింది. బండ లేపలేదు. భార్య బుగ్గమ్మ చెంబులో కలిపిచ్చిన సిమెంటు పాలను సందులోంచి కొద్దికొద్దిగా పోసి, అరచేత్తో అదిమి, మళ్లీ తట్టాడు. ఈసారి బోలు లేదు.

వికారాబాద్‌లో కొత్తగా కడుతున్న ఇల్లు అది. ఇద్దరూ తాండూరు నుంచి పొద్దుటి రైలుకు వచ్చారు. కాలు విరిగాక చంద్రప్ప పనిలోకి దిగడం ఇదే మొదలు.

పోయినేడు లారీలోంచి బండలు దించుతుంటే దొంతర జారి అతని కాలి మీద పడింది. మోకాలికి కాస్త కింద, ముంగాలి ఎముక పైభాగం విరిగింది. కాలు పొడవునా కోయనని చెప్పింది డాక్టరమ్మ. మోకాలి పక్కన ఒక చిన్న గాటు పెట్టి, అందులోంచి చర్మం కిందుగా ప్లేటును జరిపి, ఇంకా చిన్న గాట్లలోంచి స్క్రూలు బిగిస్తామంది. ఎముకను అంతా బయటపెడితే దానికి రక్తం సరిగా అందదని, అతుక్కోవడం ఆలస్యమవుతుందని అంది.

"అంటె బండ లేపకుండ సందులకెంచి పాలు పోసినట్టు," అన్నాడు చంద్రప్ప.

ఏడుస్తున్న బుగ్గమ్మకు నవ్వొచ్చింది.

ఎముక అతుక్కుంది. కుట్లు తీశాక చూస్తే గాటు వేలెడు కూడా లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. చూడడానికి వచ్చినవాళ్లు లుంగీ కొంచెం పైకి జరిపించి, "గింతేనా?" అని వెళ్లిపోయారు. మోకాలు సగం వరకే వంగుతుందని వాళ్లకు కనిపించలేదు. బండలు పరిచేవాడు రోజంతా మడమల మీద కూర్చోవాలి. చంద్రప్పకు వేరే పని రాదు. అందుకే విరిగిన మంచం పట్టెలు కోసి, జానెడెత్తు పీట చేసుకుని, పైన గోనెపట్ట చుట్టుకున్నాడు.

మేస్త్రీ యాకోబు ఒకప్పుడు అతనితో కలిసి బండలు పరిచినవాడే. కడుతున్న ఇంటికి కావలి ఉండమని రెండుసార్లు కబురు పెట్టాడు. చంద్రప్ప ఒప్పుకోలేదు. చివరికి బండలు పరచడానికి ఒక గది ఇచ్చాడు. అది బాగా వస్తే అవతలి గది కూడా చంద్రప్పకే. రాకపోతే కావలి పనే.

మధ్యాహ్నం యాకోబు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం చంద్రన్నా, సింహాసనం దిగుతవా లేదా?"

"దిగితె లేపనీకి నువ్వున్నవ్ గద."

"గింత గాటుకు ఏడాది పండుకున్నవ్. నేను అపెండిక్స్ కోయించుకొని నెలకే పనికొచ్చిన."

"నువ్వేమన్న కడుపు మీద కూసొని బండలేస్తవా మేస్త్రీ?" అంది బుగ్గమ్మ మాల్ కలుపుతూ.

యాకోబు పెద్దగా నవ్వి, "వదినతోని గెలుస్తనా?" అంటూ వెళ్లిపోయాడు.

అవతలి గోడ నుంచి వెనక్కి వెనక్కి వస్తూ, పొద్దు వాలేసరికి చంద్రప్ప గుమ్మం దాకా వచ్చాడు. చౌకట్టు పక్క మూలకు ఒక్క బండ మిగిలింది. అక్కడ పీట పట్టదు. కాలు మడిచి చూశాడు. మోకాలు వంగలేదు. కాసేపు ఆ మూలనే చూశాడు. తర్వాత గడపకు ఇవతల బోర్లా పడుకుని, చేతులు చాపి, బండ దింపాడు. సందుల్లో పాలు పోసి, చెంప నేలకు ఆనించి తట్టాడు.

లేవబోతే ఛాతీ మీద ఏదో బరువు పెట్టినట్టయింది. మెడ నిండా చెమట పట్టింది.

"ఏమైందయ్యా?"

"ఏం లే. గ్యాసు. జర నీళ్లియ్యి."

"మేస్త్రీకి చెప్తనుండు."

"చెప్పకు. చెప్తె కావలికే పెడ్తడు."

బుగ్గమ్మ అతని మొహం చూసింది. చెంబు అందించింది. చెప్పలేదు.

యాకోబు వచ్చి, తడి నేల తొక్కకుండా గడప బయటి నుంచే పొడుగు వెదురుకర్రతో ఒక్కో బండా తట్టాడు. మూల బండను రెండుసార్లు తట్టాడు.

"పొద్దుగాల జల్ది రా చంద్రన్నా. అవతలి అర్ర నీదే," అన్నాడు.

చంద్రప్ప తల ఊపాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని, పీట తీసుకెళ్లి అవతలి గదిలో పెట్టి వచ్చాడు.

"ఇంటికి తేవా దాన్ని?" అంది బుగ్గమ్మ.

"మల్ల మోసుకొచ్చుడెందుకు? ఆడ్నే ఉండనీ."

సాయంత్రం రైల్లో ఎదురు సీటు మీద కూర్చున్న అమ్మాయి అతని కాలు చూసి పక్కకు జరిగింది. చంద్రప్ప కాలు చాపుకున్నాడు. బుగ్గమ్మ తువ్వాలతో అతని మెడ తుడిచింది.

"ఇప్పుడెట్లుంది?"

"తక్కువైంది."

"దవాఖానకు పోదాం."

"ఆదివారం పోదాం. ప్లేటు సుత చూపిద్దాం. చలికి నాకంటె ముందు అదే లేస్తది."

ధారూర్ దాటాక అతను తల కిటికీకి ఆనించాడు. రైలు కుదుపుకు కాలు జారకుండా బుగ్గమ్మ మోకాలి కింద చెయ్యి వేసి పట్టుకుంది. వేలికి ఆ చిన్న గాటు తగిలింది. చెయ్యి అక్కడే ఉంచింది.

తాండూరు వచ్చింది. అందరూ దిగుతున్నారు.

"లే, వచ్చినం," అని మోకాలు తట్టింది. మళ్లీ తట్టింది. ఒళ్లో ఉన్న అతని చెయ్యి పక్కకు జారింది. చాచిన కాలు చాచినట్టే ఉంది.

మర్నాడు యాకోబు తాండూరు వచ్చాడు. చంద్రప్ప ఇంటి గోడవారన నిలబడ్డాడు.

"పొయ్యేముందు ఏమన్న చెప్పిండా వదినా?"

"రేపు జల్ది పోవాలె అన్నడు," అంది బుగ్గమ్మ.

అవతలి గదికి యాకోబు వేరే మనిషిని వెంటనే పెట్టలేదు. మాల్ ఇంకా పరవని మట్టి నేల మీద, పని మొదలు కావలసిన మూల, గోనెపట్ట చుట్టిన పీట గోడకు ఆనుకుని ఉంది. దాని ముందు ఒక కాలు చాచుకునేంత జాగా ఉంది.